రెండో కృష్ణుడు

మా ఊళ్లో శ్రీరామనవమికి నాటకం వేయిస్తే కరపత్రం మీద కృష్ణుడు ఒక్కడే ఉండేవాడు కాదు. గులాబీ రంగు కాగితం మీద వరసగా అచ్చేసేవారు: ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా. చందాలు బాగా వసూలైన ఏడు మూడో కృష్ణుడు కూడా. పడక సీనులో దొంగనిద్ర పోయే కృష్ణుడు వేరు, తెల్లవారుజామున కౌరవసభకు రాయబారం వెళ్లే కృష్ణుడు వేరు. ఒకాయన రివటలా ఉంటే ఇంకొకాయన బొజ్జతో వచ్చేవాడు. ముక్కు మారేది, గొంతు మారేది. అర్జునుడు మాత్రం ఏమీ జరగనట్టే "బావా" అని పిలిచేవాడు. పందిట్లో కూర్చున్న జనంలో ఒక్కరైనా ఇదేమిటని అడిగిన పాపాన పోలేదు. వాళ్లు తేల్చుకోవలసింది ఒకటే. ఎవరి పద్యం బాగుంది?

అది తేల్చడంలో మా నాన్న ఘనుడు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి చూశానని, ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుణ్ణి చూశానని ఊరంతా చెప్పుకునేవారు. వాళ్లిద్దరినీ చూసిన కళ్లతో మా పందిట్లో కృష్ణుళ్లను చూసేవారు కాబట్టి పాపం వాళ్లెవరికీ నూటికి యాభై మార్కులు దాటేవి కావు. "రాగం తియ్యడం అందరికీ వచ్చురా, ఎక్కడ ఆపాలో తెలియాలి" అనేవారు. హార్మోనియం ఆయన మాత్రం ఈ సంగతి ఒప్పుకునేవాడు కాదు.

ఇదంతా నాకు గుర్తొచ్చింది తెనాలి పక్కనున్న మా ఊళ్లో కాదు, వేల్స్‌లోని కార్డిఫ్‌లో. 2004లో చదువుకని వెళ్లి, యాభైకి దగ్గరపడుతున్న ఒకావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. 2005 మార్చి 26, శనివారం సాయంత్రం, ఓనరమ్మ కిందనుంచి కేకేసింది. పదహారేళ్ల కిందట ఆగిపోయిన సీరియల్ మళ్లీ మొదలవుతోందిట. మధ్యలో ఒక టెలిఫిల్మ్ వచ్చింది గానీ దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదుట. పైగా ఈసారి దాన్ని తయారుచేస్తున్నది కార్డిఫ్‌లోనేట. ఇన్ని "ట"లు విన్నాక దిగకపోతే బాగుండదని దిగాను.

డాక్టర్ హూ సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైంది. ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య జరిగింది. ఆ గొడవలో చాలామంది చూడలేకపోయారని మరుసటి వారం మొదటి భాగం మళ్లీ వేసి, ఆ వెంటనే రెండోది వేశారు. ఆ తొలికథకు దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినవాడు. కథానాయకుణ్ణి అందరూ డాక్టర్ అంటారు. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. వేరే గ్రహంవాడు. టార్డిస్ అనే నీలం రంగు పెట్టెలో ఎక్కి కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. ఆ పెట్టె బయటికి ఎస్టీడీ బూత్ అంత, లోపల కల్యాణమండపమంత. చావు ముంచుకొస్తే ఒళ్లంతా మార్చుకుని కొత్త మనిషై లేస్తాడు. దీన్ని రీజనరేషన్ అంటారు.

అమృతభాండంలాంటి ఈ ఏర్పాటు అవసరం కొద్దీ పుట్టింది. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్‌కి ధమనులు గట్టిపడే జబ్బు. మాటలు మరిచిపోతున్నాడు, ఓపిక తగ్గింది. సీరియల్ మటుకు బ్రహ్మాండంగా నడుస్తోంది. నిర్మాత ఇన్నిస్ లాయిడ్ ఎలాగూ గ్రహాంతరవాసే కదా, మనిషినే మార్చేద్దాం అనుకున్నాడు. 1966 అక్టోబరు 29న హార్ట్‌నెల్ టార్డిస్‌లో నేలమీద వాలిపోయాడు. ముఖం వెలిగి, కరిగి, పాట్రిక్ ట్రౌటన్ ముఖమైంది. రీజనరేషన్ అన్న మాట కూడా అప్పటికి లేదు. అది 1974లో మూడో డాక్టర్ నాలుగో డాక్టర్‌గా మారేటప్పుడు వచ్చింది.

అందుకే అక్కడ అభిమానులు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "మీ డాక్టరెవరు?" అని. మన దగ్గర ఈ ప్రశ్నకు బీపీ, షుగరు వయసులో జవాబు చెప్తాం. అక్కడ ఆరేళ్ల పిల్లకు కూడా జవాబుంటుంది. ఆ పైన నంబర్లు. మూడో డాక్టర్, పదో డాక్టర్ అని వాళ్లు ఏకరువు పెడుతుంటే నా కళ్లముందు మా ఊరి గులాబీ కరపత్రం ఆడేది.

నా డాక్టర్ తొమ్మిదోవాడు, క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్. నల్ల తోలు కోటు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఉత్తర ఇంగ్లండు యాస. పొడుగాటి స్కార్ఫులూ వెల్వెట్ కోట్లూ ఏమీ లేవు. యుద్ధం నుంచి తిరిగొచ్చి ఎవరితోనూ ఆ ముచ్చట ఎత్తని మనిషిలా ఉండేవాడు. నవ్వితే ముఖమంతా నవ్వేవాడు, ఆ నవ్వు తీగ తెగినట్టు ఠక్కున ఆగిపోయేది. అప్పుడే పరాయి దేశం వచ్చి, నవ్వడం ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో తెలియక సతమతమవుతున్న నాకు ఆయన దగ్గరి బంధువులా తోచాడు. మొదటి భాగం వచ్చి వారం తిరక్కుండానే పేపర్లో వార్త. ఈ ఒక్క సిరీస్‌తో ఆయన మానేస్తున్నాడని! అంటే మిగతా పన్నెండు వారాలూ నేను వెళ్లిపోతున్నవాణ్ణే చూశానన్నమాట. జూన్ 18న వెళ్లిపోయాడు. అదే కోటులో, ఆ చోటే, డేవిడ్ టెనెంట్ అని ఓ బక్కపలచటి కుర్రాడు నిలబడి తన పళ్లు కొత్తగా ఉన్నాయని నాలికతో తడుముకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఓనరమ్మ నా ముఖం చూసి టీ పెట్టుకొచ్చింది. "ఇక నువ్వూ మా జట్టే" అంది.

ఆ జట్టులో చేరితే పోలికల రుచి తెలుస్తుంది. పోలికల్లో ఎంత అన్యాయం ఉందో కూడా తెలుస్తుంది.

నాలుగో డాక్టర్ టామ్ బేకర్ సంగతే తీసుకోండి. 1974 నుంచి 1981 దాకా ఏడేళ్లు చేశాడు, అందరికన్నా ఎక్కువ కాలం. ఈ వేషం వచ్చేనాటికి కట్టడాల దగ్గర కూలిపని చేస్తున్నాడు. ఆయన స్కార్ఫు కథ మరీ బాగుంటుంది. దుస్తులు చూసే అతను అల్లికలు అల్లే ఒకావిడకు రకరకాల రంగుల ఉన్ని ఇచ్చి స్కార్ఫు అల్లమన్నాడు. ఎంత పొడవో చెప్పలేదు. ఆవిడ ఇచ్చిన ఉన్నంతా అల్లేసింది. దాని చివర నేల మీద జీరాడుతుంటే అందరూ చూసి, ఇదేదో బాగుందే అనుకుని అలాగే ఉంచేశారు. ఎవరు గొప్ప అని ఓట్లు పెడితే ఏళ్ల తరబడి ఆయన పేరు పైనుండేది, తర్వాత టెనెంట్ పోటీకొచ్చాడు. ఆయన అభిమానులు చూపించే అంకె ఒకటుంది. 1979లో వచ్చిన "సిటీ ఆఫ్ డెత్" కథ చివరి భాగాన్ని కోటీ అరవై లక్షల మంది చూశారని. నిజమే. అయితే ఆ రోజుల్లో అవతలి ఛానెల్ ఐటీవీ సమ్మెలో ఉంది. ఊళ్లో ఒక్క హాలే తెరిచుంటే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టడం గొప్పేమీ కాదు. (ఇది టామ్ బేకర్ అభిమానులతో అనకండి. అని చూశాను.)

హార్ట్‌నెల్ మాటలు తడబడతాడని నవ్వుతారు. ఆయన ఏడాదిలో నలభై వారాల పైన చేసేవాడు, నాటకంలా ఏకబిగిన. టేపు కత్తిరించి అతకడం ఖర్చుతో పని కాబట్టి తప్పు పోయినా అలాగే వెళ్లిపోయేది. పది టేకులు తీసుకునేవాళ్ల పక్కన ఆయన్ని నిలబెట్టి మార్కులు వేయడం ఏం ధర్మం?

ఇక ఆరో డాక్టర్ కోలిన్ బేకర్. జాబితా ఏదైనా ఆయన అట్టడుగునే. దానికి సగం కారణం ఆయన కోటు. మచ్చుకైనా అభిరుచి కనబడకూడదని నిర్మాత పట్టుబట్టి కుట్టించిన బొంత అది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, గళ్లు, చారలు. మన బుర్రకథలో హాస్యగాడు కూడా తొడుక్కోవడానికి ఆలోచిస్తాడు. 1985లో సీరియల్‌ను పద్దెనిమిది నెలలు పక్కన పెట్టారు. వెనక్కి తెచ్చాక ఆయన్ని తీసేశారు. మారే సన్నివేశం ఒక్కటి చేసి పొమ్మంటే రానన్నాడు. అప్పుడు కొత్త డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్‌కే బంగారు రంగు ఉంగరాల విగ్గు పెట్టి, బోర్లా పడుకోబెట్టి పని కానిచ్చారు. పడక సీనులో ఇద్దరు కృష్ణుళ్లూ ఒకరే అయినట్టు! చాలా ఏళ్ల తర్వాత కోలిన్ బేకర్ ఆడియో నాటకాల్లో అదే డాక్టర్‌ను మళ్లీ చేశాడు. కోటు కనబడలేదు. జనం విని ఆశ్చర్యపోయారు, ఎంత మంచి డాక్టరో ఈయన అని. పాల్ మెగాన్‌దీ ఇదే కథ. ఓనరమ్మ లెక్కలోకి తీసుకోవద్దన్న ఆ 1996 టెలిఫిల్మ్ ఒక్కటే చాలా ఏళ్ల వరకు ఆయన వాటాకు వచ్చింది. అన్నాళ్లూ మిగతాదంతా గొంతే. కళ్లు మూసుకుని చూడవలసిన డాక్టర్లు అన్నమాట వీళ్లు.

నాన్న కార్డిఫ్ వచ్చింది 2009 డిసెంబరులో, మనవరాల్ని చూడటానికి. చలికి గడప దాటేవారు కాదు. 2010 జనవరి 1న టెనెంట్ వెళ్లిపోయే భాగం వచ్చింది. ఆ నాలుగున్నరేళ్లలో నేను పళ్లు తడుముకున్న కుర్రాడికి పూర్తిగా లొంగిపోయాను. అతను చిన్నప్పుడు టామ్ బేకర్‌ను చూసి, పెద్దయ్యాక డాక్టర్ అవుతానని తేల్చుకున్నవాడు. నిజంగానే అయ్యాడు. అయిదో డాక్టర్ పీటర్ డేవిసన్ కూతురితో అప్పటికి స్నేహం కుదిరింది, తర్వాత పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి సీరియల్లో డాక్టర్ కూతురి వేషం కూడా వేసింది. వరసలు కలపడం మొదలుపెడితే నాన్న సంతోషంగా ముందుకు జరిగారు. ఇలాంటివి ఆయనకు మహా ఇష్టం.

సన్నివేశం మొదలైంది. డాక్టర్‌కి వెళ్లాలని లేదు. రూపం మారినా తన వరకు అది చావే, తన తర్వాత లేచి నడిచేది ఇంకెవడో అని అంతకుముందే వాపోయాడు. ఇప్పుడు తెలిసినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూసి వస్తున్నాడు. చాలాసేపు వస్తూనే ఉన్నాడు. నా కళ్లు చెమర్చాయి. నాన్న సోఫాలో శాలువా కప్పుకుని ఓపిగ్గా చూసి, చివరికి అడిగారు.

"వేషం విప్పడానికి ఇంతసేపా?"

"అది కాదు నాన్నా, ఆయన చచ్చిపోతున్నాడు."

"చచ్చిపోవడమేమిట్రా? రెండో కృష్ణుడు వస్తున్నాడు, అంతేగా?"

తెర మీద మంటలు లేచాయి. ఇరవై ఆరేళ్లప్పుడే ఈ వేషానికి ఎంపికైన మాట్ స్మిత్, తగలబడుతున్న టార్డిస్‌లో లేచి కాళ్లున్నాయా, చేతులున్నాయా, జుట్టు ఏ రంగు అని వెతుక్కుంటున్నాడు. నాన్న కళ్లజోడు సర్దుకున్నారు. "సరే, పద్యం ఎత్తుకోమను, చూద్దాం" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. మా పందిట్లో ఒకటో కృష్ణుడు దిగిపోతే ఎవరూ ఏడ్చేవారు కాదు. ఆయన తెర వెనక గ్యాసులైటు పక్కన కూర్చుని కొబ్బరినూనెతో నీలం రంగు తుడుచుకుంటూ, రెండోవాడికి పడుతున్న వన్స్‌మోర్‌లు వినేవాడు. పిల్లలం తడికె సందులోంచి తొంగిచూసేవాళ్లం. సగం ముఖం దేవుడు, సగం ముఖం బీడీ కాల్చే మామూలు మనిషి. కృష్ణుడు మాత్రం అప్పటికే అటువైపు వెళ్లిపోయాడు. నాన్నవాళ్లకు వేషం ముందు, మనిషి తర్వాత. అందుకే వాళ్లు నిర్మొహమాటంగా పోల్చగలిగారు. 2017లో జోడీ విటేకర్ పేరు ప్రకటించి ఆడమనిషి డాక్టర్ ఎలా అవుతుందని కొందరు గోల పెట్టినప్పుడు ఫోన్లో చెప్పాను. సత్యభామ అంటే స్థానం నరసింహారావు గారే అని ఒప్పుకున్న కాలంవాడు కదా, ఆ గొడవేమిటో ఆయనకు బొత్తిగా అర్థం కాలేదు. నేను అలా కాదు. మొదట ఎకిల్‌స్టన్ మీద బెంగ పెట్టుకున్నాను, ఆ బెంగతోనే టెనెంట్‌ను కొలిచాను, ఆ తర్వాత టెనెంట్ మీది బెంగతో స్మిత్‌ను కొలిచాను. నా తక్కెడలో ఒక పళ్లెంలో ఎప్పుడూ పోయినవాళ్లే.

అందుకేనేమో ఇప్పుడు ఎవరైనా మీ డాక్టరెవరని అడిగితే ట్రౌటన్ అంటున్నాను. ఆయన వేసినదాంట్లో చాలా భాగం చూసే వీలే లేదు. మొదటి డాక్టర్ మొదటివాడయింది రెండోవాడు వచ్చాకే. అంతవరకు హార్ట్‌నెల్ ఒట్టి డాక్టరే. ట్రౌటన్ ఆ ముసలాయన్ని అనుకరించి ఉంటే సీరియల్ మరో ఏడాది నడిచి ఆగేదేమో. ఆయన పొట్టిగా, వదులు ప్యాంటుతో, చాప్లిన్ దగ్గర అప్పు తెచ్చుకున్న దేశదిమ్మరిలా, చేతిలో ఓ పిల్లనగ్రోవితో వచ్చాడు. (ఇదీ కృష్ణుడి సరుకేనని నాన్న గమనించారు.) కొంటె కోణంగిలా ఉంటూనే, అందరూ నవ్వుతున్నప్పుడు ఒక్కడే భయపడటం ఆయన విద్య. పదేళ్ల పండగకు 1972 చివర్లో ముగ్గురు డాక్టర్లనూ ఒకే కథలో పెట్టారు. హార్ట్‌నెల్ అప్పటికి నిలబడలేని స్థితి, కూర్చుని మాటలు అట్టల మీద చూసి చదివాడు. ఆయన పాత్ర తన తర్వాతివాళ్లిద్దరినీ చూసి ఒకణ్ణి సోకులరాయుడనీ ఇంకొకణ్ణి విదూషకుడనీ తీసిపారేస్తుంది. అభిమానుల పోట్లాటను డాక్టర్ నోటనే పలికించారు. ఇరవై ఏళ్ల పండగకు టామ్ బేకర్ రానంటే ఫొటోల కోసం మేడమ్ టుస్సాడ్స్ నుంచి ఆయన మైనపు బొమ్మను తెచ్చి అందరి మధ్యా నిలబెట్టారు. ఆయన 2013లో, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, అయిదు నిమిషాల కోసం వచ్చి అందరినీ ఏడిపించాడు. సరే, నేను చెప్పేది ట్రౌటన్ గురించి.

ఆ రోజుల్లో టేపు ఖరీదు. వాడిన టేపు చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. విదేశాలకు అమ్మిన ఫిలిం కాపీలను కూడా గడువు తీరాక పారేశారు. అలా 1960ల నాటివి సుమారు వంద భాగాలు పోయాయి. ట్రౌటన్ డాక్టర్‌గా నటించిన మొట్టమొదటి కథ ఆరు భాగాలూ లేవు. హార్ట్‌నెల్ ఆయనగా మారే ఆ కొద్ది క్షణాలు కూడా పిల్లల కార్యక్రమం ఒకటి చూపించుకోవడానికి కోసుకున్న ముక్కగా మిగిలాయి. మిగిలినవల్లా శబ్దం, కొన్ని బొమ్మలు. టీవీ ముందు మైకు పెట్టి, ఇంట్లోవాళ్లను నోరు మూయించి పిల్లలు రికార్డు చేసుకున్న టేపులు. జాన్ క్యూరా అనే ఆయన వృత్తిగా టీవీ తెరను తీసిన ఫొటోలు. ఇంత తక్కువ సాక్ష్యంతోనూ ఆయన్ని మిగతావాళ్లతో పోలుస్తూనే ఉన్నారు. 1992లో ఒక కథ మొత్తం హాంకాంగ్‌లో దొరికింది. 2013లో నైజీరియాలోని జోస్‌లో ఒక టీవీ కేంద్రం నుంచి తొమ్మిది భాగాలు బయటపడ్డాయి. అందులో ట్రౌటన్ ద్విపాత్రాభినయం చేసిన "ఎనిమీ ఆఫ్ ది వరల్డ్" ఉంది. డాక్టరూ ఆయనే, నియంతా ఆయనే. దొరకనన్నాళ్లూ దాన్ని చప్పటి కథ అనేవారు, దొరికి చూశాక అదే నోళ్లు మెచ్చుకున్నాయి. ఆ సంతోషం చూడటానికి ఆయన లేడు. 1987లో అమెరికాలో, అభిమానుల సభకని వెళ్లి, అక్కడే గుండె ఆగి పోయాడు.

నైజీరియాలో దొరికిన రెండో కథ "వెబ్ ఆఫ్ ఫియర్". లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో యెతీలు తిరుగుతుంటాయి. ఓనరమ్మకు ఈ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. 1968లో ఆవిడకు పదకొండేళ్లు. సోఫా వెనక దాక్కుని చూసిందట, తమ్ముడు ఏడిస్తే నోరు నొక్కి. ఇల్లంత యెతీలు, నిప్పుల్లాంటి కళ్లు, అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. డీవీడీ రాగానే కొనుక్కుని ఆవిడ ఇంటికి వెళ్లాను. అదే హాలు, సోఫా మాత్రం కొత్తది.

మొదటి భాగం చూస్తూ యెతీ రాగానే ముక్కు చిట్లించింది. "ఇంత చిన్నవా?" అంది. రెండో భాగంలో ట్రౌటన్ అసలు లేడు, ఆ వారం సెలవులో ఉన్నాడు. వెతికి వెతికి నైజీరియా నుంచి తెచ్చిన భాగంలో డాక్టరే లేకపోవడం ఆవిడకు నవ్వు తెప్పించింది. ఆయన ఉన్న మూడో భాగం మటుకు ఇంకా దొరకలేదు. దాని చోట నిలిచిపోయిన ఫొటోలు ఒకటొకటిగా జరుగుతాయి. వెనక పాత టేపులోని మాటలు, గరగర.

నాలుగో భాగానికి వెళ్దామా అని రిమోటు తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. ట్రౌటన్ గొంతు వినబడగానే కళ్లు మూసుకుని, అది అయ్యేదాకా తెరవలేదు. యెతీలు ఎంతెంత ఉన్నాయని నేను అడగలేదు.